నవ్వులపాలైన మాట

సమ్మె వల్ల బస్సులు లేక, మృదుల కొత్తపేట నుంచి ఎల్బీనగర్‌లోని గీత ఇంటికి నడిచే వచ్చింది. గీతతో తన చిన్ననాటి స్నేహాన్నే ఆమె నవలగా రాసింది. అది పిల్లల సీరియల్‌గా ఆ సాయంత్రమే టీవీలో మొదలవుతోంది.

గీత కూతురు లాస్యను మధ్యలో కూర్చోబెట్టుకుని ఇద్దరూ చూస్తున్నారు.

తెర మీద మృదుల పాత్ర వేసిన గుంటూరు పిల్ల మాట్లాడినంతసేపూ నిశ్శబ్దం. గీత పాత్ర వేసిన నల్లగొండ పిల్ల "నేను రాను, నువ్వే పోరాదె" అని తన యాసలో అనగానే వెనకనుంచి రికార్డు చేసిన నవ్వులు. ఆ పిల్ల ఏడ్చినా నవ్వులే.

"అమ్మా, గా పోరి మంచిగనే అన్నది గద. ఎందుకు నవ్వుతున్రు?" అంది లాస్య.

గీత మృదుల వైపు తిరిగింది. "నువ్వు రాసిన బుక్కుల గిట్ల లేదు గదనే. నీకు ముందే ఎరికేనా?"

"తెలుసు. అలా ఉంటేనే పిల్లలు చూస్తారని సీరియల్ తీసేవాళ్లు అన్నారు. కాదంటే తీయడం మానేస్తారేమోనని సరేనన్నాను."

"నన్ను చూసి నవ్వుతరని తెల్సి సరేనన్నవా?"

గీత లేచి టీవీ కట్టేసింది.

లాస్య లేచి వెళ్లి వంటింట్లోంచి గ్లాసుతో వచ్చింది. ఇందాక "ఎట్లొచ్చినవ్ చిన్నమ్మా" అంటూ మెడకు చుట్టుకున్న పిల్ల, ఇప్పుడు దూరంగా నిలబడి మాటలు కూడబలుక్కుంది.

"చిన్నమ్మగారూ, మీకు మంచినీళ్లు కావాలాండీ?"

"ఎప్పటిలాగే అడుగమ్మా" అంది మృదుల.

లాస్య తల్లి వంక చూసి, తల అడ్డంగా ఊపింది.

"వద్దండీ. నవ్వుతారు."