ఎర్రమట్టి మీద నీడ

"మా పిల్లగాని నీడ ఏది, బిడ్డా?"

ఎర్రయ్య ఫోటోను బల్ల మీద పెట్టి, కొడుకు సంతోష్ కాళ్ల దగ్గర వేలితో చూపించాడు. బయ్యారంలో ఆ చిన్న స్టూడియో నడిపే కల్యాణి ఫోటోను చేతిలోకి తీసుకుంది. నాలుగు రోజుల కింద తనే చేసిచ్చింది. ఇంటి ముందు ఒక్కడే నిలబడి దిగిన ఎర్రయ్య పక్కన, ఏదో పెళ్లిలో దిగిన కొడుకు బొమ్మను తెచ్చి అతికించింది. పెళ్లిళ్ల ఆల్బమ్‌ల హడావుడిలో నీడ సంగతి పట్టించుకోలేదు. ఎర్రయ్య నీడ మట్టి మీద బారుగా పడి ఉంది. సంతోష్ కాళ్ల కింద ఏమీ లేదు. గాలిలో వేలాడుతున్నట్టున్నాడు.

"ఎవరన్న అడిగిన్రా, పెద్దనాయినా?"

"మా ఇంటామె అడిగింది. నీకు నీడుంది, వానికెందుకు లేదన్నది. ఏం చెప్పాల్నో తెల్వక, ఫోటో కడిగినోళ్ల తప్పని చెప్పి వచ్చిన."

"గంతేనా? కొడుకు ఇంటికొచ్చినప్పుడు ఇద్దర్ని కలిపి మంచిగ ఒకటి తీస్త తియ్. గీ అతుకులెందుకు?"

ఎర్రయ్య కుర్చీలో కూర్చున్నాడు. తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"వాడు లేడు బిడ్డా. బండి మీద వస్తుంటె లారీ గుద్దింది. మూడు నెలలైంది."

కల్యాణి ఫోటోను మెల్లగా బల్ల మీద పెట్టింది.

"అప్పుడు రూతు వరంగల్ దవాఖానల ఉన్నది. గుండెకు ఆపరేషన్. చెడ్డ మాట చెవిన పడొద్దన్నడు డాక్టరు. ఆమెకు తెల్వకుంటనే పిల్లగానికి మట్టి ఇచ్చిన. ఎవ్వలు చెప్పొద్దని ఊరోళ్లందర్ని బతిమాలుకున్న. ఓడల పని దొరికింది, ఆడ ఫోన్ కలువదని చెప్తున్న. ఓడ ఎక్కేముందు ఇంటికొచ్చిండా అని అడిగింది. వచ్చిండన్న. ఇద్దరం ఫోటో దిగినమన్న. చూపియ్యమన్నది."

కల్యాణి కంప్యూటర్ వైపు తిరిగింది.

"ఈసారి అడగకుంట చేస్త."

సంతోష్ బొమ్మకు నకలు తీసి, దాన్నంతా నల్లగా నింపి, నేల మీదికి వాల్చింది. ఎర్రయ్య నీడ ఎటు పడి ఉందో అటే తిప్పింది. పొద్దుటి ఎండలో తీసిన ఫోటో అది.

"నీకంటె పొడుగా, పెద్దనాయినా?"

"బెత్తెడు పొడుగు. నా అంగీలు వానికి పట్టకపోతుండె."

నీడను కొంచెం సాగదీసింది. పాదాలను ఆనుకున్న చోట చిక్కగా ఉంచి, దూరం పోయేకొద్దీ అంచులు పలచన చేసింది. అయినా ఎక్కడో తేడా కొట్టింది. కుర్చీ ముందుకు జరుపుకొని ఎర్రయ్య నీడను దగ్గరగా చూసింది. అది నల్లగా లేదు. ఎర్రమట్టి మీద నీడ కూడా ఎర్రగానే ఉంది, వానకు తడిసిన మట్టిలాగా. సంతోష్ నీడలోంచి నలుపు తగ్గించి ఆ ఎరుపు కలిపింది.

రెండు నీడలు పక్కపక్కన పడ్డాయి. భుజాల దగ్గర ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

ఎర్రయ్య లేచి తెర దగ్గరికి వచ్చాడు. కొడుకు పాదాల మీద వేలు పెట్టాడు.

"ఇప్పుడు నిలబడ్డడు బిడ్డా," అన్నాడు. "నేల మీద నిలబడ్డడు."

అంతవరకే అనగలిగాడు. భుజం మీది తువ్వాల తీసి నోట్లో కుక్కుకున్నాడు. కల్యాణి లేచి తలుపు దగ్గరికి వేసింది. పాస్‌పోర్ట్ ఫోటోకని వచ్చినవాళ్లను మధ్యాహ్నం రమ్మని పంపేసింది. అరగంట దాకా అతను గోడ వైపు తిరిగి కూర్చుని ఏడుస్తూనే ఉన్నాడు. తర్వాత బయట నల్లా దగ్గర మొహం కడుక్కున్నాడు.

"కండ్లు ఎర్రగున్నయా?" అని అడిగాడు.

"ఉన్నయి."

"అయితె జరసేపు కూసుంట."

ఎరుపు తగ్గేదాకా కూర్చుని, ఫోటో తీసుకొని వెళ్లాడు.

మూడో రోజు పొద్దున స్టూడియో ముందు ఆటో ఆగింది. నడివయసు దాటిన ఒకామె గుండెల మీద చెయ్యి ఆనించుకొని, మెల్లగా దిగి లోపలికి వచ్చింది. చేతిలో అదే ఫోటో.

"నేను ఎర్రయ్య ఇంటామెను. రూతును."

మళ్లీ ఎక్కడ దొరికిపోయామో అనుకుంది కల్యాణి.

"కూసో పెద్దమ్మా. ఫోటోల ఏమన్న తక్కువైందా?"

"ఏం తక్కువ కాలె. మంచిగ చేసినవు. ఎవ్వలు చూసినా నమ్ముతరు."

ఆమె అన్న తీరుకు కల్యాణి తలెత్తి చూసింది. రూతు కళ్లు ఫోటో మీదే ఉన్నాయి.

"మా చర్చి పాస్టరమ్మ నన్ను చూడనీకి దవాఖానకు వచ్చింది. నా చెయ్యి పట్టుకొని ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆ దినమే అడిగి తెలుసుకున్న."

కల్యాణి ఆమెకు దగ్గరగా వచ్చి కూర్చుంది. "మరి పెద్దనాయినకు చెప్పలేదా?" అంది.

"ఎట్ల చెప్పాలె? నాకు తెలిసిందంటె నేనేడ పోతనో అని ఆయన పానం కొట్టుకుంటది. నాకేం గావొద్దని మూణ్ణెల్ల సంది నా ముందర నవ్వుకుంట తిరుగుతుండు. కన్నకొడుకు పోతె కంట చుక్క పెట్టలె. నీడ లేదని వంక పెట్టి, నేనే ఆయనను నీ దగ్గరికి తోలిన."

రూతు ఫోటోను ఒళ్లో పెట్టుకొని, కొంగుతో ఒకసారి తుడిచింది. చిన్న గొంతుతో అడిగింది.

"ఈడనన్న జర ఏడ్చిండా, బిడ్డా?"