ఆదివారం రిపేరు

“మళ్లీ మాయమైంది కాకీమా!” అన్నాడు పరిమల్ కంప్యూటర్ తెరకేసి చూస్తూ.

“అదేనా?” వంటింట్లోంచి కణికా సాన్యాల్ గొంతు వినిపించింది. ఆవిడ అతనికి చుట్టం కాదు, పిన్ని అన్నట్టుగా కాకీమా అంటాడు.

“అదే. రికవరీ పార్టిషన్.”

ఆ పేరు ఆవిడకి కంఠతా వచ్చేసింది. డిస్కులో ఓ మూల, ఎవరి కంటా పడకుండా దాచి ఉంచే చోటు అది. కంప్యూటర్ ఎప్పుడైనా మొరాయిస్తే, ఒక్క మీట నొక్కి అక్కణ్ణుంచి మళ్లీ కొత్తదానిలా నిలబెట్టుకోవచ్చు. అది లేనంత మాత్రాన రోజువారీ పని ఆగదు. అందుకే అది పోయిన సంగతి ఆవిడకి తెలియనే తెలియదు. ఆదివారం పొద్దున పరిమలే ఫోన్ చేసి, “ఆ మీట ఒకసారి నొక్కి చూడండి కాకీమా” అంటాడు. ఆవిడ నొక్కుతుంది. ఏమీ దొరకలేదంటుంది కంప్యూటర్. మధ్యాహ్నానికల్లా అతను శ్యాంబజార్‌లో మెట్రో దిగి, బాగ్‌బజార్ సందులో ఆవిడ మెట్లెక్కుతూ ఉంటాడు.

“ఎవరు ముట్టుకున్నారు దీన్ని?”

“ఎవరున్నారు నాయనా ముట్టుకోవడానికి? నేనూ, గోడ మీద బల్లీ. నేనైతే పోయిన ఆదివారం నువ్వెళ్లాక తెరిచిందే లేదు. ఇవాళ నువ్వు నొక్కమంటే తెరిచాను.”

“మరి దానంతట అది పోతుందా?”

“పాత ఇల్లు కదా. దయ్యం పనేమో!” అని నవ్వింది ఆవిడ.

“నవ్వుతారేమిటి? పెద్దవాళ్లు ఏదో నొక్కేస్తారు, తర్వాత గుర్తుండదు” అని గదమాయించాడు పరిమల్. ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కుర్చీలో కూర్చుంది.

ఆవిడ ఓ చిన్న పత్రికకి గళ్లనుడికట్టు తయారుచేస్తుంది. భర్త పోయాక ఆ గళ్లే ఆవిడకి తోడు. నిలువూ అడ్డమూ ఆధారాలు రాసుకుంటూ, రోజుల తరబడి ఎవరితోనూ పలుకు లేకుండా గడిపేస్తుంది. చాందినీ మార్కెట్‌లో పరిమల్ పనిచేసే షాపులోనే ఈ కంప్యూటర్ కొంది.

నిన్న షాపులో తపన్‌దా కోప్పడ్డాడు. తపన్‌దా, అంటే తపన్ అన్న, ఆ షాపు యజమాని.

“ఒకే కంప్లైంటు ఎన్నిసార్లురా? మన షాపు పరువేం కావాలి? ఆ ముసలమ్మే చెరిపేస్తోంది, నా మాట నమ్ము. ఒంటి మనిషి. మాట్లాడ్డానికి ఎవడో ఒకడు కావాలి, నువ్వు దొరికావు. సెలవు రోజున నీకెందుకీ తిప్పలు?”

పరిమల్ నవ్వేశాడు.

“ఇదిగో, ఈ బయటి డిస్కు పట్టుకెళ్లు. కంప్యూటర్ మొత్తానికి ఇమేజ్ తీసి ఇందులో పెట్టు. ఆవిడకి నేర్పించు. మళ్లీ పోతే ఆవిడే తెచ్చుకుంటుంది. ఇదే ఆఖరుసారి, మళ్లీ వెళ్లావంటే ఊరుకోను.”

ఆఖరుసారి అన్న మాట పరిమల్ గుండెలో ముల్లులా దిగింది. మెట్రోలో వస్తున్నంతసేపూ అదే బాధ. సియాల్దాలో అతనుండే మెస్‌లో ఆదివారమంటే శ్మశానమే. తక్కినవాళ్లు లోకల్ రైళ్లెక్కి ఇళ్లకు పోతారు. వంటవాడూ పోతాడు. పరిమల్‌ది ఎక్కడో ఉత్తరాన దిన్‌హాటా. వెళ్లినా అక్కడ తలుపు తీసేవాళ్లెవరూ లేరు.

పని మొదలుపెట్టాడు. పోయిన భాగాన్ని తిరిగి నిలబెట్టాడు. డిస్కు తగిలించి ఇమేజ్, అంటే కంప్యూటర్‌లో ఉన్నదంతా ఉన్నట్టుగా నకలు, తీశాడు. ఏ మీట తర్వాత ఏ మీటో ఆవిడకి చూపించాడు. ఆవిడ ఒక్కసారికే పట్టేసింది.

“అంటే ఇక అది పోయినా ఫరవాలేదు. నేనే తెచ్చుకోగలను.”

“ఆ.”

“నువ్వు రానక్కర్లేదు.”

“అక్కర్లేదు” అన్నాడు పరిమల్. ఆవిడకేసి చూడలేకపోయాడు.

ఆవిడ లేచి, “చేపలు వేయించాలి” అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

నూనె చిటపటలాడుతోంది. కంప్యూటర్ ముందు అతనొక్కడే మిగిలాడు. మిగిలిన పని ముగించి, కంప్యూటర్ కట్టేశాడు.

అన్నం, చేప తలకాయ వేసిన పెసరపప్పు, వేయించిన పార్శే చేపలు. ఎదురుగా కూర్చుని ఆవిడ వడ్డిస్తోంది.

“రాత్రి ఏం తిన్నావు?”

“ఏదో తిన్నాను కాకీమా.”

“ఏదో అనే కూర నేనెప్పుడూ వండలేదే! ఇంకో చేప వేసుకో. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో.”

వేసుకున్నాడు. తల దించుకునే తిన్నాడు. ఈ ఇంట్లో ఇక తన కంచం ఉండదనుకున్నాడు. ఒక్క మెతుకు మిగల్చలేదు.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుని, “వెళ్తున్నా కాకీమా” అన్నాడు.

“వెళ్తున్నా ఏమిటి, అపశకునం! వస్తా అనాలి.”

“డిస్కు బీరువాలో జాగ్రత్తగా పెట్టుకోండి” అని మాత్రం అన్నాడు.

ఆవిడ లోపలికి వెళ్లి ఆ డిస్కు తెచ్చి, అతని సంచిలో పడేసింది.

“ఇది నాకొద్దు. మీ తపన్‌దాకి ఇచ్చెయ్.”

“అదేమిటి కాకీమా? మళ్లీ పోతే ఏం చేస్తారు?”

ఆవిడ అతని సంచి జిప్పు లాగి మూసింది.

“వచ్చే ఆదివారం ఆ పార్టిషన్‌ని నువ్వు చెరిపేయకుండానే వచ్చెయ్ నాయనా, అన్నం ఎలాగూ వండుతాను.”