తలుపు మీద సున్నా

"ఆ గుర్తు పోలియో చుక్కలవాళ్ళు పెట్టుంటారంటే వినరేం?" వాసంతి మూడోసారి అంది.

"తెలంగాణ సమ్మెలో పోలియో చుక్కలేంటి? వాళ్ళైతే అన్ని తలుపులకీ పెడతారు. మనదొక్కటే దొరికిందా?" లోహిత్ కాఫీ గ్లాసు ఠక్కున పెట్టాడు.

"మెల్లగా," అన్నాడు పార్థసారథి, పేపర్లోంచి తలెత్తకుండానే. కొడుకూ కోడలూ పొద్దుటినుంచీ ఇదే గొడవ.

కొత్తగూడలో తమలాంటి ఆంధ్రావాళ్ళ ఇళ్ళకు వాచ్‌మన్లు సుద్దతో గుర్తులు పెడుతున్నారట. తెలంగాణ వచ్చిన మర్నాడే ఆ ఇళ్ళు ఖాళీ చేయిస్తారట. వారం నుంచి లోహిత్ స్నేహితులు ఫేస్‌బుక్‌లో ఇదే పంచుకుంటున్నారు. వాసంతి మాదాపూర్‌లో ఆఫీసు పని మధ్యలోనే ఒక్కొక్కరికీ జవాబు రాసింది. "ఏ ఇల్లు? ఎవరు చూశారు? ఫొటో ఉందా?"

నిన్న ఫొటో వచ్చింది. అది తమ తలుపే. పెట్టింది లోహితే.

గడియ పక్కన రూపాయి బిళ్ళంత సున్నా. గొడవ అక్కడితో ఆపి, వాసంతి దాన్ని తడిగుడ్డతో తుడిచేసి ఆఫీసుకు వెళ్ళింది. సాయంత్రం వచ్చేసరికి మళ్ళీ ఉంది.

అప్పుడు ఆమెకూ అనుమానం వచ్చింది. పగలు ఇంట్లో అత్తగారూ మామగారూ తప్ప ఎవరూ ఉండరు.

ఎదురింటి రజితను అడిగింది.

"వాచ్‌మన్ కిష్టయ్య రోజూ పదకొండు గొట్టంగ పైకొస్తడక్కా. మీ అత్తమ్మ కూరగాయలు తెస్తది గదా, ఆమె ఎనకాలనే వస్తడు. మీ తలుపు దాక వచ్చి, చూసి పోతడు."

కిష్టయ్యను పిలిపించారు. టోపీ చేత్తో పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఈ గుర్తెవరు పెడుతున్నారు?" లోహిత్ అడిగాడు.

"నాకేమెరుక సారూ."

"రోజూ మూడో అంతస్తుకు నీకేం పని?"

కిష్టయ్య లోహిత్ తల్లి పుణ్యవతి వైపు చూశాడు. ఆమె చింతపండులో గింజలు తీస్తోంది. తలెత్తలేదు.

"ఉత్తగనే వస్త సారూ."

"ఉత్తగనే! విన్నావా వాసంతీ? ఆదివారం అపార్ట్‌మెంట్ మీటింగులో చెప్తాను. కింద గది ఖాళీ చేసి వెళ్ళిపోవాల్సిందే."

"జర ఆగుండ్రి సారూ. నా పెండ్లాం కొమురమ్మకు పానం బాగలేదు. బస్సులు సుత నడుస్తలేవు. ఆమెను తీస్కొని ఏడికి పోవాలె?"

మర్నాడు వాసంతి ఆఫీసులో కూర్చుని, తను రాసిన జవాబులన్నీ ఒక్కొక్కటే తీసేసింది. ఫొటో కింద మాత్రం ఒక్క వాక్యం రాసింది. "నమ్మకపోవడం నా పొరపాటే."

ఆదివారం భోజనాలయ్యాయి. కింద కుర్చీలు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. వేస్తున్నది కిష్టయ్యే. లోహిత్ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

పుణ్యవతి చేయి కడుక్కుని వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. అందరి ముఖాలూ ఒకసారి చూసింది. కొంగు ముడి విప్పి, అరిగిపోయిన సుద్దముక్క తీసి బల్ల మీద పెట్టింది.

"కిష్టయ్య ఎక్కడికీ వెళ్ళడు," అంది నెమ్మదిగా. "మనిల్లేదో నాకు గుర్తుండటం లేదురా, ఆ సున్నా నేనే పెట్టుకుంటున్నాను."