ఇస్రాయేలు గొంతు

“ల్యాప్‌టాప్‌లున్న గా చిప్పు మన మాటలన్నీ దాన్ని చేసిన కంపెనీకి మోస్తదని అందరూ అంటుండ్రు. భయమై నిన్న సెట్టింగులల్లకు పోయి చిప్పుల ఉన్నదంతా చెరిపేసిన,” అన్నాడు కూలీల సంఘం దేవరాజు.

నాగర్‌కర్నూల్ కంప్యూటర్ షాపులో అతని ల్యాప్‌టాప్ తాళం నంబరు అడిగి ఆగిపోయింది.

“మోసుడు సంగతి నాకు తెల్వదన్నా. ఫైళ్ల తాళంచెవి మాత్రం ఆ చిప్పులనే ఉండె. నంబరు విడిగా దాసుకోకుంటే ఇగ తెరుచుకోవు,” అన్నాడు మెకానిక్ శ్రీశైలం.

దేవరాజు దాచుకోలేదు.

పక్కనే సుందరమ్మ నిలబడి ఉంది. డ్యాం పనిలో మట్టిపెళ్లలు మీదపడ్డా మేస్త్రి తనను దవాఖానకు పోనియ్యలేదని ఆమె పెనిమిటి ఇస్రాయేలు చనిపోయే ముందు చెప్పగా దేవరాజు రికార్డు చేసిన మాటలు ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. రేపు కోర్టులో వినిపించాలి.

“ఆయన మాట చెరిగిపోయిందా, తమ్మీ?”

“చెరగలేదక్కా. లోపల్నే ఉంది. మనకు ఇనరాదు. ఆ మాట ఎట్లనో మేస్త్రి దాకా పోవద్దనే గిట్ల చేసిన,” అన్నాడు దేవరాజు.

“ఆయన చెప్పంగ నువ్వు ఇన్నవు గద. రేపు నువ్వే చెప్పు.”

“నేను చెప్తే నమ్మరక్కా. ఆయన గొంతే గావాలె.”

శ్రీశైలం ల్యాప్‌టాప్ మూశాడు. సుందరమ్మ దాని మీద చెయ్యి పెట్టింది. అది ఇంకా వెచ్చగా ఉంది.