ముప్పై ఏడో ఫోటో

“పాడైపోయిన ఫోటో బాగుసేస్తారా అండీ?” అని అడిగింది వచ్చినామె, చెప్పులు గుమ్మం బయటే విడిచి.

“సేస్తామండీ. కార్డా, ఫోనా?” అంది శ్రీదుర్గ, కంప్యూటరు మీంచి తల తిప్పకుండానే. కార్డులో ఫోటో చెరిపేసినా అది ఎక్కడికీ పోదు. కెమెరా దాని అడ్రసు మాత్రమే కొట్టేస్తుంది. ఆ చోట్లో కొత్త ఫోటో వచ్చి కూర్చునేదాకా పాతది అక్కడే నక్కి ఉంటుంది. అలాంటివాటిని చెవి పట్టి బయటికి లాగడంలో నర్సీపట్నంలో తన తర్వాతే ఎవరైనా అని శ్రీదుర్గకి కాస్త గర్వం కూడాను.

“రీలండీ. తొంభై ఆరులో తీసింది.”

శ్రీదుర్గ అప్పుడు తల తిప్పింది. రీళ్లు తన రాజ్యం కాదు, మావయ్య మన్మథరావుది. డెబ్భై మూడేళ్ల ఆ పెద్దాయన నలభై ఏళ్ల నెగెటివ్‌లని పెళ్లికొక కవరు చొప్పున, తారీకులు వేసి లోపలి గది బీరువాల్లో దాచాడు. ఎవరింట్లో ఆల్బం చెదలు తిన్నా ఆయన దగ్గరికే పరుగెత్తుకొస్తారు. అంత ఓపిక తనకి ఏడు జన్మలెత్తినా రాదని శ్రీదుర్గ చాలాసార్లు అనుకుంది.

వచ్చినామె పేరు కరుణకుమారి. కోటవురట్లలో నర్సు. తల్లి దీనమ్మ పోయి నెల కావస్తోంది. వచ్చే ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. బల్ల మీద పెట్టడానికి తల్లి ఫోటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డులో ఉన్న బొమ్మని కన్నకూతురే పోల్చుకోలేకపోయింది.

ఈ రోజుల్లో ఫోటో లేని మనిషెవరని శ్రీదుర్గ ఆశ్చర్యపోతే, కరుణకుమారి అసలు సంగతి చెప్పింది. తనకి ఎనిమిదేళ్లప్పుడు కోటవురట్ల చర్చిలో ఒక పెళ్లి జరిగింది. దీనమ్మ అక్కడ వడ్డనకి కుదిరింది. పెళ్లివారు వెళ్లిపోతుండగా కూతుర్ని పక్కన నిలబెట్టుకుని, తమకీ ఒక ఫోటో తియ్యమని మన్మథరావుని బతిమాలింది. ఆయన తీశాడు, ఫ్లాషు వెలిగింది. నెల్లాళ్లకి తల్లీకూతుళ్లు బస్సెక్కి ఎంతో ఆశగా ఈ స్టూడియోకి వస్తే, ఆ ఒక్కటీ వెలుతురు పడి పాడైపోయిందన్నాడు.

“ఆ తరవాత మాయమ్మ మరి కెమెరా ముందు నిలబళ్లేదండీ. నా మొకం రీలుకెక్కదే అనీది. సెల్లు తీస్తే కొంగు అడ్డమెట్టుకునీది. నా పెళ్లి ఆల్బంలో కూడా లేదు.”

లోపలి గది గుమ్మంలో నిలబడి వింటున్న మన్మథరావు కళ్లజోడు తీసి పంచె కొసతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. తర్వాత పాత రిజిస్టరు తెచ్చి వేలు పెట్టి చూపించాడు. ఆ పెళ్లికి ఒకటే రీలు, ముప్పై ఆరు ఫోటోలు. దీనమ్మది ముప్పై ఏడోదన్నాడు.

రీలు చివర కాస్త మిగిలితే అదనంగా ఒకటి వస్తుందనీ, కెమెరా తెరవగానే ముందు వెలుతురు తగిలేది దానికేననీ మావయ్య చెప్పగా శ్రీదుర్గ వింది. వెలుతురు తగిలిన నెగెటివ్ బొగ్గులా నల్లబడిపోతుంది. కార్డులోలాగా దాని అడుగున ఏదీ నక్కి ఉండదు. లేనిపోని ఆశ పెట్టడం ఎందుకు, కుదరదని చెప్పేద్దామని ఆమె నోరు తెరిచేలోపే మావయ్య అడిగాడు.

“ఆవేళ మీయమ్మ ఏ సీర కట్టింది తల్లీ?”

కరుణకుమారి తడుముకోలేదు. తెల్ల చీర, పచ్చంచు. కుడిచెయ్యి తన భుజం మీద. ఎడంచేతిలో వడ్డించే గరిటె, అది కనబడకుండా వెనక్కి దాచుకుంది. వెనకాల చర్చి కిటికీ. ఫ్లాషు వెలిగేటప్పటికి అమ్మ నవ్వింది. ఆయన అన్నీ కాగితం మీద రాసుకున్నాడు. నెగెటివ్‌ని గుర్తుపట్టడానికి కాబోలనుకుంది శ్రీదుర్గ.

“శనివారం రా అమ్మా,” అన్నాడు మన్మథరావు.

ఆ నాలుగు రోజులూ ఆయన అన్నానికి తప్ప లోపలి గదిలోంచి రాలేదు. కిందటేడు కోడలి దగ్గర పట్టుబట్టి నేర్చుకున్న కంప్యూటరు ముందే కూర్చున్నాడు. టీ పట్టుకెళ్లిన శ్రీదుర్గకి బల్ల మీద అదే చర్చిలో జరిగిన అయిదారు వేరే పెళ్లిళ్ల కవర్లు కనిపించాయి. ఒక నెగెటివ్‌లో ఓ మూల అన్నం బేసిన మోసుకెళుతున్న ఆడమనిషి, ఇంకోదాంట్లో సండేస్కూలు పిల్లల వరస. ఇవన్నీ ఎందుకని అడిగితే, వెతికేటప్పుడు అన్నీ తియ్యాలి కదమ్మా అన్నాడు.

శనివారం కరుణకుమారి ఫోటో అందుకుని బెంచీ మీద కూర్చుంది. తెల్ల చీర, పచ్చంచు. చిన్నపిల్ల భుజం మీద తల్లి చెయ్యి. గరిటె కనబడలేదు. దీనమ్మ పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది.

“సూసేవా అమ్మా,” అంది ఫోటోతోనే. “ఎక్కేవు రీలుకి.”

ఆమె కాళ్లకి దణ్ణం పెట్టబోతే మన్మథరావు కాలిన చోట చెయ్యి పడ్డట్టు వెనక్కి జరిగాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ వెళ్లి షేర్ ఆటో ఎక్కింది.

శ్రీదుర్గ మావయ్య వెనకే లోపలి గదిలోకి వెళ్లింది. కార్డుల్లోంచి వేల ఫోటోలు లాగిన తను ఈ పెద్దాయన ముందు ఏపాటి? అదే మాట పైకి అనేసింది కూడా. ఆ నల్లబడ్డ నెగెటివ్ ఒక్కసారి చూపించమనీ, అందులోంచి మనిషిని ఎలా తీశారో తనకీ నేర్పమనీ అడిగింది.

మన్మథరావు కవర్లు ఒక్కొక్కటే బీరువాలో సర్దుతున్నాడు. కోడలి వైపు తిరగలేదు.

“ఆవేళ కెమెరాలో రీలే లేదమ్మా.”