శుక్రవారం స్టేషన్లో

మూడో సాయంత్రం కూడా ఆ మనిషి వచ్చాడు.

స్కూలు మైదానం గోడవార నిలబడి, బాస్కెట్‌బాల్ ఆడే కుర్రాళ్లని చూస్తూ చిన్న నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు.

డ్రిల్లు మాస్టారు గోవిందరావుకి గుండె జారిపోయింది.

అది పందొమ్మిదివందల నలభై రెండు, సెప్టెంబరు. విజయనగరంలో జెండా పట్టిన ప్రతి కుర్రాణ్ణీ పోలీసులు ఏరుకుపోతున్నారు. ఊరేగింపులో ముందు నడిచినవాళ్లలో గంగులు ఒక్కడే ఇంకా మిగిలాడు. కోటబొమ్మాళి రైతుబిడ్డ, ఆరడుగుల మనిషి. ఎటునుంచి విసిరినా బంతి రింగులో పడాల్సిందే.

ఆ మనిషి తిన్నగా మాస్టారి దగ్గరికే వచ్చాడు.

“ఆ పొడుగు కుర్రోడి పేరేటండి?”

“దేనికి?”

“పనున్నాది. ఏ ఊరు? ఆళ్ల అయ్య ఏటి సేస్తాడు?”

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. “నాకు తెలీదండి. స్కూలు మానేస్తున్నాడట.”

ఆ మనిషి నోటుబుక్కు మూశాడు.

“సుక్కురోరం స్టేషన్లో ఉంటాను. ఓపాలి పంపండి. మంచికే సెప్తన్నాను.”

సందేహం లేదు, సీఐడీయే! మాస్టారు గంగుల్ని పక్కకి లాక్కెళ్లాడు.

“ఒరే, ఇప్పుడే బండెక్కి ఇంటికి పో. నేను కబురంపేదాకా రాకు.”

“ఏటైనాది మాస్టారూ? గజపతినగరం జట్టుతో ఆటున్నాది కదా!”

“ఆట తరవాత. ముందు నువ్వు మిగలాలి. పోరా!”

శుక్రవారం మాస్టారికి ముద్ద దిగలేదు. వీధిలో సైకిలు గంట మోగితే చాలు, ఉలిక్కిపడ్డాడు.

శనివారం నిజంగానే కానిస్టేబులు వచ్చాడు.

“గంగులు మీ స్కూలోడేనా మాస్టారూ?”

“అ... అవును.”

“కుర్రోడి పేరు మైదానంలో ఇన్నాడంట, ఊరు మీరు సెప్పలేదంట. కనుక్కుందారని సూర్యారావని ఒకాయన మా స్టేషనుకొచ్చి, పట్టుకోవాల్సినోళ్ల లిస్టులో పేరు సూసేడు. ఊరేగింపు నాడు ఆడు వాల్తేరులో తన కాడే ఆడతన్నాడని రాసి సంతకం ఎట్టేడు. నిజమైతే మీరూ ఎట్టండి, పేరు కొట్టేస్తారు.”

అబద్ధమని తెలిసీ మాస్టారు నిండుగా సంతకం పెట్టాడు.

“ఆయనెవరు?”

“రైల్వే ఆయన. జీతమిచ్చి ఆడించే జట్టంట. కుర్రోణ్ణి తీసికెల్దారని నిన్న పొద్దుగూకేదాకా రైలు స్టేషన్లో కూకున్నాడు.”

మాస్టారు ఆ పూటే కోటబొమ్మాళి పరిగెత్తి, గంగుల్ని వాల్తేరు బండెక్కించాడు.

నెల తిరక్కుండా గంగులు రైల్వే జట్టులో ఆడాడు. చలికాలం వెళ్లేసరికి వాడి పేరు విజయనగరం దాకా వినిపించింది.

వాడి ఆట చూడ్డానికి మాస్టారు వాల్తేరు వెళ్లాడు. జనమంతా “గంగులూ!” అని అరుస్తున్నారు. మాస్టారి కళ్లు మాత్రం సూర్యారావు కోసం వెతుకుతున్నాయి. చేతులు పట్టుకుని తప్పు ఒప్పుకోవాలి.

“మీ కోచ్ సూర్యారావు గారేరండి?” అని జట్టు మేనేజరుని అడిగాడు.

“కోచేటండి? ఆటగాడు.” మేనేజరు గొంతు తగ్గించాడు. “మీ కుర్రోడికి సెప్పొద్దన్నాడు. సుక్కురోరానికి రాలేదని ఖాళీగా ఉన్న చోటు ఇంకోడికిచ్చీసేరు. ఆలీసంగా వచ్చినోణ్ణి తిప్పి పంపలేక, తన చోటూ, దాంతో వచ్చే జీతమూ ఇచ్చీసి, ఆయన పట్టాళంలో సేరి బర్మా యుద్ధానికి ఎలిపోనాడండి.”