ఇంటావిడ ఫోన్ వచ్చేదాకా

కారు గేటు ముందు ఆగేసరికి ఆమె ఇంకా స్నానాలగది అద్దం తుడుస్తోంది. గుడ్డ బకెట్లో పడేసి, చేతులు తుడుచుకుంటూ పరుగున మెట్లు దిగింది.

మొట్టమొదటి గెస్టులు.

సెలవులు గడపడానికి వచ్చేవాళ్ళకి ఊళ్ళోవాళ్ళ ఖాళీ ఇళ్ళు అద్దెకిచ్చి, వాటి మంచీచెడ్డా చూసుకునే వ్యాపారం అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి పెట్టారు. ఫోన్లు, బుకింగులు అక్కవి. తాళాలు, దుప్పట్లు, వచ్చిన మనుషులు చెల్లెలైన ఈమె వంతు. ఇంట్లోవాళ్ళు అదేదో కాలక్షేపంలే అని నవ్వి ఊరుకున్నారు. ఏ ఇల్లు, ఎక్కడ అని అడిగిన పాపాన పోలేదు.

సరస్సు ఒడ్డున ఉన్న ఈ ఇల్లు ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌ది. పక్కనున్న రెండిళ్ళూ కూడా ఆవిడవే. ఆవిడ మాట కత్తెరతో కత్తిరించినట్టుంటుంది.

"మొదటి గెస్టులు దిగాక నేనే ఫోన్ చేసి వాళ్ళతో మాట్లాడతాను. బాగుందన్నారా, మూడిళ్ళూ మీకే. పెదవి విరిచారా, తాళం పూలకుండీ కింద పెట్టి వెళ్ళిపోండి," అని ముందే చెప్పేసింది ఇంటావిడ.

కారులోంచి మొదట ఒకావిడ దిగింది. నవ్వుముఖం. బుకింగ్ ఆవిడ పేరుమీదే ఉంది. వెనకాల సూట్‌కేసు పట్టుకుని ఒకాయన దిగాడు. రెండడుగులు వేసి తలెత్తాడు. అంతే, కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోయాడు. సూట్‌కేసు జారి కంకరమీద పడింది.

ఆమె కూడా ఆయన్ని చూసింది. "నమస్కారం" అనబోయిన మాట సగంలోనే ఉండిపోయింది. ఇలాంటి గెస్టు తగులుతాడని కల్లో కూడా అనుకోలేదు.

"ఇక్కడొద్దు. వేరే చోటుకి పోదాం పద," అన్నాడాయన తనతో వచ్చినావిడతో.

"అదేంటి? గేటు కూడా దాటలేదు!"

"నాకు నచ్చలేదు."

వీళ్ళు వెనక్కి తిరిగితే మూడిళ్ళూ పోయినట్టే. పొద్దున్నుంచి వంగి తుడిచిన నేల, ఇస్త్రీ చేసిన దుప్పట్లు, అక్క నగలమ్మి కొన్న కొత్త పరుపులు అన్నీ ఆమె కళ్ళముందు గిర్రున తిరిగాయి.

ఆమె గేటు బార్లా తీసింది.

"లోపలికి రండి సార్," అంది. "చూడకుండానే నచ్చలేదంటే ఎలా? చూశాక చెప్పండి."

ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

ఆమె ఒక్కొక్క గదీ చూపించింది. వేణ్ణీళ్ళు ఏ కుళాయిలో వస్తాయో, కిటికీ రెక్క ఎలా ఎత్తి మూయాలో చెప్పింది. పడకగది తలుపు మాత్రం తీసి, తను గుమ్మం బయటే నిలబడింది. ఆవిడ ప్రతిదానికీ మురిసిపోతోంది. ఆయన నుదుటి చెమట తుడుచుకుంటూ హాల్లోనే ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"ఏమీ అనుకోకండి," అంది ఆవిడ గొంతు తగ్గించి. "ఈయన ఎప్పుడూ ఇలా ఉండరు. దారంతా పాటలు పాడుతూనే వచ్చారు."

"పాటలు పాడతారా?"

నోరు జారి అడిగేసింది. ఆవిడ వింతగా చూసింది. ఆమె గబగబా వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున అక్కకి ఫోన్ చేసింది. విషయం రెండు ముక్కల్లో చెప్పింది.

"వచ్చెయ్యవే," అంది అక్క. "ఈ ఇల్లు కాకపోతే ఇంకోటి దొరుకుతుంది."

"వద్దక్కా. ఇంటావిడ ఫోన్ వచ్చేదాకా నా నోట్లోంచి మాట రాదు."

వెనక్కి తిరిగితే గుమ్మంలో ఆయన.

"ఒక్క నిమిషం... నేను చెప్పేది..."

"మంచినీళ్ళా సార్? మీరు కూర్చోండి, నేనే తెస్తాను."

గ్లాసు నింపి గట్టుమీద పెట్టింది. ఆయన ఇంకేదో అనబోయాడు. అంతలో ఆమె ఫోన్ మోగింది.

ఇంటావిడ!

ఆమె ఫోను తీసుకెళ్ళి గెస్టావిడ చేతికిచ్చి, గోడకి ఆనుకుని నిలబడింది. ఆయన గుమ్మం దాటి ముందుకు రాలేదు. వద్దని చెప్పమన్నట్టు ఆవిడకి చెయ్యూపి సైగ చేస్తున్నాడు. ఆవిడ ఆయన్నొకసారి చూసింది, కిటికీలోంచి సరస్సునొకసారి చూసింది.

"అద్దంలా ఉందండీ ఇల్లు!" అంది ఫోన్లో. "ఈయనకి ప్రయాణం పడక కాస్త చిరాగ్గా ఉన్నారు, అంతే. మీ మేనేజరమ్మ బంగారం. సొంత మనుషుల్ని చూసుకున్నట్టు చూసుకుంటున్నారు."

ఫోను ఆమె చేతికి తిరిగొచ్చింది.

"మిగతా రెండు తాళాలూ రేపు పంపిస్తాను," అంది ఇంటావిడ. "నా మాటంటే మాటే."

ఫోను పెట్టేసింది.

ఆమె గుండెలనిండా గాలి పీల్చుకుంది. తాళంచెవి తీసి టేబుల్‌మీద పెట్టింది. తన సంచీ భుజానికి తగిలించుకుంది.

"మేమింకేమైనా గుర్తుపెట్టుకోవాలా?" అడిగింది ఆవిడ, గుమ్మందాకా సాగనంపుతూ.

"పడుకునేముందు గ్యాస్ కట్టెయ్యండి. పెరటి తలుపు గడియ గట్టిగా నొక్కితేగానీ పడదు."

"అలాగే. అంతేనా?"

ఆమె ఆగి, ఆయన కళ్ళలోకి సూటిగా చూసి, ఆవిడ వైపు తిరిగి నెమ్మదిగా అంది:

"రాత్రి ఈయన గురక మొదలుపెడితే లేపకండి, ఎడమపక్కకి తిప్పితే చాలు, పెళ్ళైన దగ్గర్నుంచీ నేను చేస్తున్నది అదే."